లువాంగ్ ప్రబాంగ్‌కి మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో, ఇద్దరు పిల్లలతో వెళ్లొచ్చా?

బెజవాడ_బాల్కనీ:
సంక్రాంతి సెలవులకి లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్ వెళ్దామని మావారు పట్టుబట్టారు. మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, మా అత్తయ్యగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టరు. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో తెల్లారుజామున బౌద్ధ భిక్షువులకి భిక్ష వేయడం, పొద్దున పాక్ ఊ గుహలు, మధ్యాహ్నం జలపాతం, సాయంత్రం కొండ, అన్నీ ఒక్క రోజులోనే కుక్కేశారు. నాకు సెలవంటే నది ఒడ్డున కూర్చుని కాఫీ తాగడం. అలా కుదిరే ఊరేనా? ఆవిడ తిండి సంగతేంటి?

గోదారి_టు_మెకాంగ్:
ముందు ఆ ప్లాన్ చింపి అవతల పారేయండి. నేను బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తాను. మా అమ్మానాన్నల్ని రాజమండ్రి నుంచి రప్పించి అక్కడికి తీసుకెళ్లాను కాబట్టి చెప్తున్నా, మీరు అడిగింది తప్ప ఆ ఊళ్లో చెయ్యడానికి పెద్దగా ఏం లేదండి. మెకాంగ్‌లో నామ్ ఖాన్ కలిసేచోట, రెండు నదుల మధ్య సన్నటి నేల మీద పాత ఊరు. ఈ నది ఒడ్డు నుంచి ఆ నది ఒడ్డుకి పిల్లలు కూడా హాయిగా నడిచేస్తారు. 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది కాబట్టి అపార్టుమెంట్ల గోల లేదు. బస పాత ఊళ్లోనే చూసుకోండి, కింది అంతస్తు గది కావాలని ముందే గట్టిగా చెప్పండి. చాలావరకు పాతకాలపు మేడలే, లిఫ్టులుండవు.

అత్తయ్యగారి మోకాళ్లకి అసలు పరీక్ష కొండ దగ్గర కాదు, పడవ దగ్గర. ఈ మాట ఎవరూ చెప్పరు. జనవరిలో నీళ్లు బాగా కిందకి దిగిపోతాయి, రేవు మెట్లు నిటారుగా ఉంటాయి. మా అమ్మ రెండు మెట్లు దిగి, "మీరెళ్లండమ్మా, నేనిక్కడే కూర్చుంటా" అంది. ఒడ్డు మీద హోటల్లో నిమ్మరసం తాగుతూ మాకంటే ఆవిడే సూర్యాస్తమయం బాగా చూసింది! పాక్ ఊ గుహలు మానేయండి. ఎగువకి పాతిక కిలోమీటర్లు, పడవలో రెండు గంటలు కూర్చోవాలి, దిగాక మళ్లీ మెట్లే. సాయంత్రం పూట గంట సేపు పడవ చాలు.

ఫూసీ కొండకి 328 మెట్లు. మీరూ పిల్లలూ ఎక్కండి. ఆ మెట్లకి ఎదురుగానే 1904లో కట్టిన రాజభవనం ఉంది, ఇప్పుడు మ్యూజియం. అత్తయ్యగారు మీవారితో అది చూస్తారు (ఆయన కొండెక్కుతానంటే మీరే సర్దుకోండి).

షియెంగ్ థోంగ్ ఆలయం మాత్రం తప్పకుండా చూపించండి. 1560 ప్రాంతంలో సెట్ఠాథిరాథ్ రాజు కట్టించాడు. నది వైపు మెట్లుంటాయి, అందుకని ఆటో వాణ్ని వీధి వైపు గేటు దగ్గర ఆపమనండి. ఆవరణలో రాజుల అంత్యక్రియల రథం పెట్టిన మండపం ఉంది, దాని ముఖమంతా బంగారు పూత చెక్కడాలు, రామాయణం. వాళ్ల రామకథ పేరు ఫ్రా లక్ ఫ్రా లామ్, అందులో తమ్ముడి పేరే ముందు. మా నాన్న ఒక్కో పలక ముందూ నిలబడి ఇది ఏ ఘట్టమని నాతో వాదన. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

తిండి దగ్గర జాగ్రత్త. కూరగాయల వంటలోనూ ఫిష్ సాసో, పాదేక్ అనే ఊరబెట్టిన చేప ముద్దో పడుతుంది. "కిన్ జే" అంటే శాకాహారమని అర్థం చేసుకుంటారు. "బొ సై పాదేక్" అని కూడా చెప్పండి. వెదురు బుట్టలో వచ్చే జిగురన్నం చేత్తో ముద్ద చేసుకుని తినడమే, పిల్లలకి పండగ. ఖనోం ఖొక్ వెతకండి, బియ్యప్పిండి, కొబ్బరిపాలు కలిపి మన గుంటపొంగనాల పెనం లాంటి దాంట్లో కాలుస్తారు. ఆవిడ కోసం పచ్చడి సీసా మాత్రం మర్చిపోవద్దు.

పాపకి_నాన్న:
జలపాతం మానొద్దు. క్వాంగ్ సీ ఊరికి ముప్ఫై కిలోమీటర్ల లోపే. సున్నపురాయి నీళ్లు కాబట్టి మడుగులు నీలం పచ్చగా ఉంటాయి, వానాకాలంలో అయితే బురద రంగే. దారిలోనే వేటగాళ్ల నుంచి కాపాడిన ఎలుగుబంట్ల కేంద్రం ఉంది, మా పాప అక్కణ్ణుంచి కదల్లేదు. జనవరి నీళ్లు చల్లగా ఉంటాయి, పొద్దున్నే స్వెట్టర్లు కూడా కావాలి.

భిక్ష విషయం: మెయిన్ రోడ్డు మీద ఫ్లాష్ కొట్టుకుంటూ భిక్షువుల మొహాల్లోకి ఫోన్లు పెట్టే జనాన్ని చూస్తే సిగ్గేస్తుంది. పక్క సందులో దూరంగా నిలబడి చూడండి, లేదా నిద్రపోండి.

మీ బాబు పదకొండేళ్ల వాడు కదా, పేలని బాంబుల గురించి చెప్పే యుఎక్స్ఓ కేంద్రానికి తీసుకెళ్లండి. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఆ చిన్న దేశం మీద ఇరవై లక్షల టన్నులకి పైగా బాంబులు వేసింది. మావాడు బయటికొచ్చాక ప్రశ్నల మీద ప్రశ్నలు.

బెజవాడ_బాల్కనీ:
ఇద్దరికీ థాంక్సండి. ట్రావెల్స్ వాళ్లకి వద్దని చెప్పేశాం, టికెట్లూ గదులూ మేమే చూసుకుంటాం. వెదురు వంతెన అని ఒకటి ఫోటోల్లో చూశాను, అత్తయ్యగారు దాటగలరా? కాఫీ ఎలా ఉంటుంది?

గోదారి_టు_మెకాంగ్:
నామ్ ఖాన్ మీద వెదురు వంతెన వానలు లేని కాలంలోనే వేస్తారు, వానలకి ముందు తీసేస్తారు. మీరెళ్లేసరికి ఉంటుంది. కానీ ఊగుతుంది, దిగడానికి మళ్లీ మెట్లు. ఆవిణ్ణి ఇవతల ఒడ్డునే కూర్చోబెట్టండి. కాఫీ దక్షిణాన బొలావెన్ పీఠభూమిలో పండేదే, చిక్కగా ఉంటుంది, మామూలుగా కండెన్స్‌డ్ మిల్క్ పోసి ఇస్తారు. తీపి తక్కువ కావాలంటే కలపకముందే చెప్పండి.