2022 అక్టోబర్‌ఫెస్ట్‌కి వెళ్లినవాళ్లు ఉన్నారా? ఎలా ఉండింది?

చిత్తూరు_కుర్రోడు:
మా తమ్ముడికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం. ఈ సెప్టెంబర్‌లో అక్కడి బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్ చూపిస్తానని నాకు ఫ్లైట్ టికెట్ కూడా తీసేశాడు. నేనేమో మందు ముట్టను, అక్కడికెళ్లి చేసేదేముంది? కోవిడ్ తర్వాత 2022లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు తిరుపతోళ్లు కొందరు వెళ్లారని ఇక్కడే చదివిన గుర్తు. ఎలా ఉండిందో చెప్పండన్నా. పేరు అక్టోబర్ పెట్టుకుని సెప్టెంబర్‌లో ఎందుకు చేస్తారు?

తాతయ్యగుంట:
వెళ్లినవాళ్లలో నేనొకణ్ణి, అప్పుడు అక్కడ మాస్టర్స్ చేస్తున్నా. 2020, 2021 రెండేళ్లూ రద్దు చేశారు కదా, సెప్టెంబర్ 17 మధ్యాహ్నం 12కి మేయర్ మొదటి బీరు పీపాకి కుళాయి కొట్టి పండగ మొదలుపెడతాడంటే ఊరంతా అక్కడే ఉంది. వాన. చలి. అక్కడి పండగ వేషమని నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న తోలు నిక్కరు వేసుకుని పోయినా, అది తడిసి తొడలకి అంటుకుపోయింది, తోలు ఆరదు సామీ.

టేబుల్ బుక్ చేసుకోకుండా పోవడం ఇంకో తప్పు. మైదానంలోకి పోను టికెట్ అక్కర్లేదు, కానీ టెంటులో కూర్చునే చోటు దొరికితేనే బీరు పోస్తారు, నిలబడినోడికి ఇవ్వరు. నలుగురం మూడు టెంట్లు తిరిగితే చివరికి ఒక పెద్దాయన, ఆయన భార్య మన పల్లె బస్సులో జరిగినట్టు జరిగి చోటిచ్చారు. లీటరు మగ్గు ఆ ఏడు 12.60 నుంచి 13.80 యూరోలు. ఖాళీ మగ్గే కిలో పైన తూగుతుంది, అలాంటివి నిండుగా పది, రెండు చేతుల్తో గుండెకి అదుముకుని తెస్తోంది సర్వ్ చేసే ఆమె. మగ్గు మీద లీటరుకి గీత ఉంటుంది. పెద్దాయన తాగకుండా నురగ దిగేదాకా ఆగి, గీతకి రెండు వేళ్లు కింద ఆగిన బీరు నాకు చూపించి తల అడ్డంగా ఊపాడు. పాలోడు నురగతో కొలిస్తే మా అవ్వ చూసే చూపు అచ్చం అదే! తక్కువ పోస్తున్నారని గొడవ చేసే సంఘం కూడా ఉంది అక్కడ.

వాన దెబ్బకి ఆ ఏడు జనం 57 లక్షలే, 2019లో 63 లక్షలు. మరుసటేడు 72 లక్షలు వచ్చారు. పండగయ్యాక ఊళ్లో కోవిడ్ కేసులు పెరిగాయి, నేనూ వారం జ్వరంతో పడుకున్నా.

అక్టోబర్ 1న మళ్లీ పోయినా గానీ లోపలికి వెళ్లబుద్ధి కాలేదు. ఆ రోజు తిరుమలలో గరుడ సేవ. రెండేళ్లు ఏకాంతంగా జరిగాక ఆ ఏడే స్వామి మాడ వీధుల్లోకి వచ్చాడు, అమ్మ పొద్దున్నుంచి గ్యాలరీలో కూర్చుంది, నేను టెంటు బయట గొడుగు కింద ఫోన్‌లో లైవ్ చూస్తున్నా.

కాణిపాకం_బస్సు:
బ్రహ్మోత్సవాలనీ బీరు తిరునాళ్లనీ ఒకే గాటన కట్టొద్దు. పోలికే కావాలంటే మన తిరుపతి గంగమ్మ జాతర చెప్పు, వేషాలైనా ఉంటాయి.

తాతయ్యగుంట:
కట్టలేదన్నా, ఇంటి మీద బెంగతో చెప్పినా. జాతర మాట మాత్రం నిజం, మా ప్రొఫెసర్ కూడా తోలు నిక్కరులోనే కనిపించాడు. కాకపోతే మనోళ్ల వేషం మొక్కు, వాళ్లది సరదా.

మ్యూనిక్_అక్క:
తమ్ముడూ, నేనూ తాగను, అయినా ఏటా వెళ్తా. కోలాలో ఆరెంజ్ కలిపిన స్పెజి అని దొరుకుతుంది, అది పట్టుకుని కూర్చో, ఎవరూ ఏమీ అనరు. పంచదార పాకంలో వేయించిన బాదం పొట్లం తప్పకుండా కొను. మంగళవారం పిల్లల కుటుంబాల కోసం జెయింట్ వీల్, రైడ్లు తక్కువ రేటుకిస్తారు. పెద్ద బ్యాగు తెచ్చావంటే గేటు దగ్గరే ఆపేస్తారు, మూడు లీటర్ల లోపుదే ఉండాలి. మగ్గు గుర్తుగా ఉంటుందని దాచుకుని బయటికి రావద్దు, 2022లో సెక్యూరిటీ వాళ్లు వెనక్కి లాక్కున్నవే లక్షా పన్నెండు వేల పైన!

పేరు సంగతికొస్తే, 1810 అక్టోబర్‌లో అక్కడి యువరాజు పెళ్లికి గుర్రప్పందాలు పెట్టారు, అదే ఈ పండగ. తర్వాత చలి పడలేక ముందుకి జరుపుకున్నారు. 2022లో అక్టోబర్ 3కే అయిపోయింది.

చిత్తూరు_కుర్రోడు:
థాంక్స్ అక్కా, అన్నా. రెయిన్‌కోటు సర్దుకుంటున్నా. టేబుల్ బుక్ చేశావా అని తమ్ముణ్ణి ఇప్పుడే అడిగితే "చూద్దాంలే అన్నా" అంటున్నాడు.