స్పానిష్ వచ్చిన విద్యార్థికి క్లినికల్ సైకాలజీలో ఏ దారి: డాక్టరేటా, మాస్టర్సా?

నదీతీరం:
అమెరికాలో హిస్పానిక్, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న, కుటుంబాల్లో పుట్టి, ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ పెరిగి, సైకాలజీలో డిగ్రీ చేసిన పిల్లలు క్లినికల్ వైపు రావాలంటే ఏ దారి పట్టాలి? యూనివర్సిటీ సలహా విభాగాల్లో, క్లినిక్కుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, అందుకే చర్చకు పెడుతున్నాను.

నా పక్షం ముందే చెప్తాను. ఎక్కువమందికి మాస్టర్సే సరైన దారి. 2020 జనాభా లెక్కల్లో హిస్పానిక్‌లు 6.21 కోట్లు, అంటే 18.7 శాతం. 2015 నాటికి సైకాలజిస్టుల్లో వాళ్ల వాటా 5 శాతం. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, అంటే ఏపీఏ, అదే ఏడాది చేసిన సర్వేలో స్పానిష్‌లో సేవ అందించగలమన్నవాళ్లు 5.5 శాతం. ఇంత లోటు ఉన్నప్పుడు ఒక్కొక్కరిని ఏడెనిమిదేళ్లు చదువులో కూర్చోబెట్టడం ఎందుకు?

టెక్సస్‌నే తీసుకోండి. కౌన్సెలింగ్ మాస్టర్స్ 60 క్రెడిట్లు, రెండున్నరేళ్లలో అయిపోతుంది. తర్వాత అసోసియేట్ లైసెన్సు మీద పర్యవేక్షణలో 3,000 గంటలు, అందులో 1,500 క్లయింటుతో నేరుగా. 18 నెలలకి తగ్గకూడదు. ఐదేళ్లు తిరక్కుండానే సొంత లైసెన్సు. డాక్టరేట్‌కి ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదు నుంచి ఏడేళ్లు, పైన చాలా రాష్ట్రాల్లో పోస్ట్‌డాక్ గంటలు, అంటే డాక్టరేట్ తర్వాత పర్యవేక్షణలో చేసే పని. కాలిఫోర్నియాలో మొత్తం 3,000 గంటలు కావాలి, వాటిలో సగం డాక్టరేట్ చేతికొచ్చాకే.

ఇండియా నుంచి చదివేవాళ్లకి ఒక మాట: మన దగ్గర ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న ఎం.ఫిల్‌తో క్లినికల్ సైకాలజిస్టు అయ్యేవారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో ‘సైకాలజిస్ట్’ అన్న మాట డాక్టరేట్ ఉన్నవాళ్లదే. మాస్టర్స్ వాళ్లు కౌన్సెలర్, క్లినికల్ సోషల్ వర్కర్, ఫ్యామిలీ థెరపిస్ట్ లైసెన్సులతో పనిచేస్తారు. థెరపీ ఇద్దరూ చేస్తారు.

పరీక్షగది:
నదీతీరం గారూ, థెరపీ ఒక్కటే క్లినికల్ సైకాలజీ అయితే మీ మాట ఒప్పుకునేదాన్ని. మీరు వదిలేసింది టెస్టింగ్. స్పానిష్ మాట్లాడే పిల్లవాడికి మేధో వైకల్యం ఉందా, చదువులో ఇబ్బందా, లేక ఇంగ్లీషు ఇంకా పూర్తిగా రాలేదా అని తేల్చాల్సింది అక్కడే. మాస్టర్స్ లైసెన్సుతో ఎంతవరకు టెస్టింగ్ చేయొచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పూర్తి మూల్యాంకనం చేసి కోర్టులో, స్కూల్లో నిలబడే రిపోర్టు రాయడం ఎక్కువగా డాక్టరేట్ వాళ్ల పనే.

భాష వచ్చిన మనిషే ఎందుకు కావాలో ఒక చిన్న ఉపపరీక్షలో చూడండి. అంకెలు చదివి, అదే వరుసలో తిరిగి చెప్పమంటారు. ఇంగ్లీషులో ఒకటి నుంచి తొమ్మిది వరకు ‘సెవెన్’ తప్ప అన్నీ ఒక్క అక్షరం పలుకు. స్పానిష్‌లో దోస్, త్రేస్, సేయ్స్ పొట్టివి. ఊనో, క్వాత్రో, సీంకో, స్యేతే, ఓచో, న్వేవే రెండేసి. పలకడానికి ఎక్కువసేపు పట్టే అంకెలు తక్కువ గుర్తుంటాయని పరిశోధనల్లో తేలింది. మన ‘ఎనిమిది’, ‘తొమ్మిది’ తలుచుకుంటే సంగతి అర్థమవుతుంది. ఇంగ్లీషు పరీక్షని అక్కడికక్కడ అనువదించి, ఇంగ్లీషు పిల్లల ప్రమాణాలతో స్కోరు వేస్తే, లేని లోపం కాగితం మీదకి వస్తుంది. ఆ కాగితంతో పిల్లవాడి తరగతే మారిపోతుంది.

పిల్లల తెలివితేటల పరీక్ష డబ్ల్యూఐఎస్‌సీ-5కి అమెరికాలోని స్పానిష్ పిల్లల ప్రమాణాలతో వేరే కూర్పు ఉంది, 6 నుంచి 16 ఏళ్ల వాళ్లకి. పెద్దల వ్యక్తిత్వాన్ని కొలిచే ఎంఎంపీఐ-3కీ స్పానిష్ ప్రమాణాలు ఉన్నాయి. పనిముట్లు వచ్చాయి, వాటిని పట్టే చేతులే తక్కువ. ఉన్న కొద్దిమందినీ మాస్టర్స్ వైపు తోస్తే ఈ పని ఎవరు చేస్తారు?

లెక్కలపుస్తకం:
ఇద్దరూ డబ్బు సంగతి ఎత్తలేదు. డాక్టరేట్ అంటే ఒక్కటి కాదు, పీహెచ్‌డీ వేరు, సైడీ వేరు. పరిశోధన కలిసిన పీహెచ్‌డీలో ఎక్కువ చోట్ల ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి. సీట్లు మాత్రం ఏడాదికి ఐదు నుంచి పది. సైడీ (డాక్టర్ ఆఫ్ సైకాలజీ) 1973లో వేల్‌లో సైకాలజీ శిక్షణపై జరిగిన సమావేశం తర్వాత విస్తరించిన, ప్రాక్టీసు ప్రధానమైన డిగ్రీ. సీట్లు ఎక్కువ, ఫీజు సొంతం. అప్పు రెండు లక్షల డాలర్లు దాటడం వింత కాదు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్లిన పిల్లకి ఈ తేడా చెప్పేవాళ్లు ఉండరు. ‘డాక్టర్ అవుతాను’ అన్న ఉత్సాహంలో సంతకం పెట్టేస్తుంది.

సంతకానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఏపీఏ గుర్తింపు ఉన్న ప్రతి ప్రోగ్రామూ తన వెబ్‌సైటులో ఫలితాల పట్టిక పెట్టి తీరాలి. ఎంతమంది మధ్యలో మానేశారు, ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఎంతమందికి గుర్తింపు ఉన్న ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎంతమంది లైసెన్సు తెచ్చుకున్నారు, ఏడాది ఖర్చెంత, అన్నీ ఉంటాయి. ఆ పట్టిక తెరిచి ముందు ఇంటర్న్‌షిప్ వరుస చూడండి. గుర్తింపు లేని ఇంటర్న్‌షిప్‌తో బయటికొస్తే కొన్ని ఉద్యోగాల తలుపులు అప్పుడే మూసుకుంటాయి.

2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ విద్యా రుణం ఉండదు. మిగిలిన ఫెడరల్ రుణాలకి ఏడాదికి ఇంతే అన్న పరిమితి ఉంది. పైది ప్రైవేటు వడ్డీకే. అందుకే నా మాట: స్టైపెండ్ ఉన్న పీహెచ్‌డీ దొరికితే వెళ్లండి. దొరక్కపోతే ఖరీదైన సైడీ కంటే ప్రభుత్వ యూనివర్సిటీ మాస్టర్స్ మేలు.

ఆదాయం వైపు కూడా చూడాలి. 2023లో క్లినికల్, కౌన్సెలింగ్ సైకాలజిస్టుల మధ్యస్థ జీతం 96,100 డాలర్లు. మానసిక ఆరోగ్య కౌన్సెలర్లది 53,710. ఇది చిన్న తేడా కాదు, నదీతీరం గారూ.

నదీతీరం:
జీతం తేడా నిజమే. కానీ మాస్టర్స్ వాళ్లకి మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. 2024 జనవరి 1 నుంచి కౌన్సెలర్లు, ఫ్యామిలీ థెరపిస్టులు మెడికేర్‌కి, అంటే ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమాకి, నేరుగా బిల్లు వేయొచ్చు, సైకాలజిస్టు రేటులో 75 శాతానికి. క్లినికల్ సోషల్ వర్కర్లకి ఆ హక్కు ముందునుంచీ ఉంది. వైద్యుల కొరత ఉన్న ప్రాంతాల్లో పనిచేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ అనే ఫెడరల్ పథకం చదువు అప్పులో కొంత తీరుస్తుంది. ఇది మాస్టర్స్ లైసెన్సులకీ వర్తిస్తుంది. 2024లో స్పానిష్ ప్రావీణ్యం రుజువు చేసినవాళ్లకి అదనంగా 5,000 డాలర్ల దాకా ప్రకటించారు. భాషకి సర్కారు విలువ కట్టిందంటే సంతోషమే.

పరీక్షగది:
ఆ తలుపుకి గడప కూడా ఉందండీ. సోషల్ వర్క్ లైసెన్సు పరీక్ష నిర్వహించే సంస్థే 2022లో లెక్కలు బయటపెట్టింది. 2018 నుంచి 2021 వరకు క్లినికల్ పరీక్షలో మొదటి ప్రయత్నంలో నెగ్గినవాళ్లు శ్వేతజాతీయుల్లో 83.9 శాతం, హిస్పానిక్‌లలో 65.1 శాతం. ‘మాస్టర్స్ త్వరగా అయిపోతుంది’ అని చెప్పేటప్పుడు ఈ సంఖ్య కూడా చెప్పాలి. మళ్లీ ఫీజు, మళ్లీ నెలలు, ఈలోగా అసోసియేట్ జీతమే. ఇంగ్లీషు రెండో భాష అయినవాళ్లకి అదనపు సమయం అడిగే వీలుంటుంది. దాన్ని పరీక్ష తేదీ తీసుకోకముందే అడగాలి. చాలామంది జారిపోయేది అక్కడే.

సైకాలజిస్టుల లైసెన్సు పరీక్ష ఈపీపీపీ కూడా సులువేం కాదు: 225 ప్రశ్నలు, అందులో 175కే మార్కులు, 4 గంటల 15 నిమిషాలు, నెగ్గడానికి స్కేల్డ్ స్కోరు 500.

ఉస్తెద్:
ఇద్దరూ దారుల గురించి వాదిస్తున్నారు, నాకు ఆ రెండూ రెండో ప్రశ్నలుగా కనిపిస్తున్నాయి. మొదటి ప్రశ్న: ఆ విద్యార్థికి స్పానిష్‌లో పర్యవేక్షణ ఇచ్చేది ఎవరు?

ఇంటి స్పానిష్ వేరు, క్లినిక్ స్పానిష్ వేరు. అమ్మతో వంటింట్లో మాట్లాడిన భాషలో ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం రాదు. సెషన్ స్పానిష్‌లో, నోట్స్ ఇంగ్లీషులో, పర్యవేక్షకుడికి స్పానిష్ ముక్క రాదు. అప్పుడు పర్యవేక్షకుడు దిద్దేది విద్యార్థి అనువాదాన్ని, సెషన్‌ని కాదు. తప్పు ఎక్కడ జరిగిందో ఎవరికీ కనబడదు.

క్లయింటు ‘నెర్వియోస్’ అంటుంది. ఇంగ్లీషు నోట్‌లో ‘ఆందోళన’ అని పడుతుంది. ఆమె చెప్పింది ఒళ్లంతా వణకడం, తలనొప్పి, ఏడుపు, ఏళ్లుగా మోస్తున్న బాధ అన్నీ కలిసిన మాట. మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 దాన్ని, ‘ఆతాకె దె నెర్వియోస్’నీ (ఒక్కసారిగా ముంచుకొచ్చే ఏడుపు, అరుపులు, వణుకు), ‘సూస్తో’నీ (భయపడి ప్రాణం జారిపోయిందనుకునే బాధ) సంస్కృతిని బట్టి బాధ చెప్పుకునే పద్ధతుల్లో చేర్చింది. ఆతాకెని పానిక్ అటాక్ అని రాసేస్తే చికిత్స ప్రణాళికే మారిపోతుంది. పానిక్ అటాక్ ఏ కారణం లేకుండానూ రావచ్చు, ఆతాకె చాలాసార్లు ఇంట్లో చావో తగాదానో జరిగిన వెంటనే వస్తుంది.

ఇంకోటి, ‘తూ’, ‘ఉస్తెద్’. మన నువ్వు, మీరు లాంటివే. ఇంగ్లీషులో శిక్షణ పొందిన పిల్ల అరవై ఏళ్ల ఆమెని మొదటి సెషన్‌లోనే ‘తూ’ అని పలకరిస్తే ఆమె పైకి ఏమీ అనదు, రెండోసారి రాదు. నోట్‌లో ‘క్లయింట్ ఆసక్తి చూపలేదు’ అని ఉంటుంది.

అందుకే డిగ్రీ కంటే ముందు చోటు ఎంచుకోమంటాను. సాన్ ఆంటోనియోలో అవర్ లేడీ ఆఫ్ ద లేక్ యూనివర్సిటీలో స్పానిష్ మాట్లాడేవారికి సేవలపై ప్రత్యేక శిక్షణ ఉంది. ప్యూర్టోరికోలో 1966లో మొదలైన కార్లోస్ ఆల్బిసు యూనివర్సిటీ, పోన్సే హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ డాక్టరేట్ ఇస్తాయి. అక్కడ క్లినిక్ పని ఎక్కువగా స్పానిష్‌లోనే. ఒక చిక్కు: తర్వాత ఫ్లోరిడాకో టెక్సస్‌కో వస్తే ఈపీపీపీ ఇంగ్లీషులో రాయాలి. చదువుతున్నప్పుడే ఆ పదజాలం కూడబెట్టుకోవాలి.

ప్రాక్టికం, అంటే చదువులో భాగంగా క్లినిక్‌లో చేసే శిక్షణ, ఇంటర్వ్యూలో మూడు సంగతులు తేల్చుకోమనండి. స్పానిష్ వచ్చిన, లైసెన్సు ఉన్న పర్యవేక్షకులు వారానికి ఎన్ని గంటలు ఇస్తారు? ద్విభాషా రిపోర్టుకి పట్టే అదనపు సమయాన్ని కేసుల కోటాలోంచి తగ్గిస్తారా? పక్క గది వాళ్లకి దుబాసీగా పిలిస్తే ఆ గంటలు ఎవరి ఖాతాలోకి? మూడోది అడగకపోతే, ఏడాదంతా ఆఫీసు అనువాదకుడిగానే గడిచిపోవచ్చు, క్లయింటు గంటలు మాత్రం నిండవు.

నదీతీరం:
ఉస్తెద్ గారూ, పర్యవేక్షణ మాట ఒప్పుకుంటాను. నా వాదనకి అది దెబ్బే. స్పానిష్‌లో పర్యవేక్షించే మాస్టర్స్ వాళ్లు పెరిగితే ఆ లోటూ తీరుతుందని మాత్రం ఇంకా అంటాను.

సరిహద్దు:
పౌరసత్వం సంగతి ఎవరూ చెప్పలేదు. మాజీ సైనికుల కోసం ఉన్న వెటరన్స్ అఫైర్స్ ఆసుపత్రులు దేశంలో సైకాలజిస్టులకి అతిపెద్ద శిక్షణ సంస్థ. వాటి ఇంటర్న్‌షిప్‌కి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. డాకా (చిన్నప్పుడు కాగితాల్లేకుండా వచ్చినవాళ్లకి ఇచ్చే తాత్కాలిక రక్షణ) మీద ఉన్న హిస్పానిక్ విద్యార్థికీ, ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న మన తెలుగు విద్యార్థికీ ఆ వరుస మొత్తం కొట్టేసుకోవాలి. లైసెన్సు దగ్గర రాష్ట్రానికో నియమం. కాలిఫోర్నియాలో వలస హోదా లైసెన్సుకి అడ్డురాకుండా 2014లోనే చట్టం చేశారు. కొన్ని రాష్ట్రాల్లో అలా లేదు. ప్రోగ్రామ్‌కి దరఖాస్తు పెట్టేముందే, చదివాక ఏ రాష్ట్రంలో ఉండాలో ఆలోచించాలి.

డాక్టరేట్ వైపు ఇంకో మెట్టు: న్యూమెక్సికో 2002లో, రాష్ట్రాల్లో మొదటగా, అదనపు శిక్షణ పొందిన సైకాలజిస్టులు మందులు రాయడానికి అనుమతించింది. ఆ రాష్ట్రంలో హిస్పానిక్‌లు దాదాపు సగం మంది. సైకియాట్రిస్టు కోసం వంద మైళ్లు పోవాల్సిన ఊళ్లో, స్పానిష్‌లో విని, అక్కడే మందు చీటీ రాయగలిగిన మనిషి ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మాస్టర్స్ లైసెన్సుతో ఆ మెట్టు ఎక్కలేరు.

లెక్కలపుస్తకం:
ఈ ఏడాది దరఖాస్తు పెట్టేవాళ్లున్నారు కాబట్టి చివరిగా ఒకటి. పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరు 1 చుట్టుపక్కల ఉంటాయి. సెప్టెంబరులోనే, ఆ ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా అని ప్రొఫెసర్‌కి రెండు పేరాల ఉత్తరం రాయాలి. తీసుకోని ప్రొఫెసర్ పేరు మీద పెట్టిన దరఖాస్తు ఫీజు వృథా. ఆ ఉత్తరంలో ‘నాకు స్పానిష్ వచ్చు’ అని ఊరుకోకుండా, ఎక్కడ ఎన్ని గంటలు స్పానిష్‌లో పనిచేశారో, ఏ ప్రశ్నావళి ఇచ్చారో రాయమనండి.