అట్లాంటా బెల్ట్‌లైన్: పెద్దవాళ్లతో నడవడానికి ఏ వైపు మంచిది?

నమస్తే అండీ. మా అమ్మానాన్నలు బెజవాడ నుంచి వచ్చి మూడు వారాలైంది. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడ అట్లాంటాలో పాత రైలు దారుల మీద ఊరి చుట్టూ బెల్ట్‌లైన్ అనే 22 మైళ్ల నడక బాట వేస్తున్నారని, 1999లో జార్జియా టెక్‌లో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి రాసిన థీసిస్‌తో ఇదంతా మొదలైందని చెబితే ఆయన కళ్లు మెరిశాయి.

పోయిన శనివారం సాయంత్రం పీడ్‌మాంట్ పార్క్ దగ్గర ఆ బాటలో తూర్పు భాగమైన ఈస్ట్‌సైడ్ ట్రైల్ ఎక్కాం. పిల్లల సైకిళ్లు, గోడల మీద బొమ్మలు చూసి అమ్మ ఎంత సంబరపడిందో! పాన్స్ సిటీ మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి జనం బాగా పెరిగారు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన ఎలక్ట్రిక్ స్కూటర్ ఒకటి నాన్న మోచేతికి రాసుకుంటూ పోయింది. దెబ్బ తగల్లేదు గానీ బాగా బెదిరిపోయారు. ఇక్కడ కుడి పక్కన నడవాలని ఎంత చెప్పినా, అలవాటు కొద్దీ ఎడమకే జరుగుతున్నారు.

2017లో తెరిచిన వెస్ట్‌సైడ్ ట్రైల్ మీద రద్దీ తక్కువని విన్నాను. వాషింగ్టన్ పార్క్ వైపు నుంచి మొదలుపెడితే కారు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుందా? అమ్మకి మోకాళ్ల నొప్పులు, పావుగంటకోసారి కూర్చోవాలి. బెంచీలు, బాత్రూములు ఎక్కడెక్కడ ఉన్నాయి?

పొద్దున్నే అక్కడ నడిచే మనవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మేం ఆఫీసులకి వెళ్లాక మాట్లాడే మనిషి లేక నాన్న రోజంతా బాల్కనీలోనే కూర్చుంటున్నారు.