మా ఊళ్లో మెడికల్ క్యాంప్ పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

టంగుటూరు_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లా టంగుటూరు మండలంలో ఒక ఊరు. పొగాకు, శనగ తప్ప పెద్దగా వేరే పంటల్లేవు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరివాళ్లం కొంతమందిమి తలా కొంత వేసుకుని, సంక్రాంతి సెలవుల్లో ఉచిత మెడికల్ క్యాంప్ పెడదామనుకున్నాం. పోయినేడాది మా బజారులో ఒకాయనకు పక్షవాతం వచ్చింది. యాభై కూడా నిండలేదు. ఒంగోలు తీసుకెళ్లాకే ఆయనకు బీపీ ఉందన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసింది.

చేతిలో లక్ష దాకా ఉంది. హైస్కూల్ ఆవరణ ఇస్తామన్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు డాక్టర్లను, మందులను తామే తెస్తామంటున్నారు, బ్యానర్ మీద వాళ్ల పేరు పెద్దగా ఉండాలట. గుండె, కళ్లు, పళ్లు, ఎముకలు, చర్మం అన్నీ ఒకేరోజు పెడదామని మావాళ్ల ఆలోచన. ఎవరి అనుమతి తీసుకోవాలి? చేసినవాళ్లుంటే చెప్పండి.

కొండపి_రిటైర్డ్_ఏఎన్ఎం:
బాబూ, నేను మీ పక్క మండలంలోనే ఏఎన్ఎంగా, అంటే ఊళ్లు తిరిగే ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరయ్యాను. క్యాంపులు చాలా చూశాను. క్యాంపులో బీపీ ఉందని తేలిన మనిషి వచ్చే నెల మాత్రలు ఎక్కడ తెచ్చుకుంటాడు? ముందు అది తేల్చుకో. డాక్టర్లు, షామియానా, భోజనాలు ఆ తర్వాత. అది తేలకపోతే మీరిచ్చిన పది రోజుల మాత్రలు వేసుకుని, ఒంట్లో బాగానే ఉంది కదా అని ఆపేస్తాడు. బీపీ పెరిగినా చాలామందికి పైకి ఏమీ తెలియదు. మీ బజారులో ఆయనకు తెలియనట్టే.

అందుకని మొదట మీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్‌ని కలువు. లెటర్ రాసి ఇచ్చి, ఒంగోలులో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసుకు కూడా ఒక కాపీ ఇవ్వు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉండే సీహెచ్‌ఓను (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్), మీ ఆశాలను మొదటి రోజు నుంచీ కలుపుకో. బీపీ, షుగర్ మాత్రలు ఆ క్లినిక్‌లో ఉచితంగానే ఇస్తారు. 104 బండి ఏ రోజు వస్తుందో కూడా వాళ్లే చెబుతారు. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్, నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నవే. మీ దగ్గర తేలిన ప్రతి పేరూ అదే రోజు ఆ కార్యక్రమం రిజిస్టర్‌లోకి ఎక్కాలి. అప్పుడే ఆ మనిషి వైద్యం మధ్యలో ఆగదు.

సంక్రాంతికి మాత్రం వద్దు నాయనా. జనవరిలో మనవైపు పొగాకు కోతలు, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) క్యూరింగ్. మంట చూసేవాళ్లకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. అలా వచ్చిన మనిషికి బీపీ చూసి ఏం చెబుతాం? పండక్కి వచ్చిన చుట్టాలతో క్యూ నిండిపోతుంది, కూలికి పోయే ఆడవాళ్లు మిగిలిపోతారు. తర్వాత ఆకు గ్రేడింగ్ (రకాలుగా వేరుచేసే పని) మొదలైతే వాళ్లు పొద్దున పోయి సందెవేళకు గానీ ఇల్లు చేరరు. పొగాకు వేలం ఒక కొలిక్కి వచ్చి, అక్టోబరులో నాట్లు మొదలయ్యేలోపు ఒక ఆదివారం చూసుకోండి. ఎస్సీ, ఎస్టీ కాలనీలు స్కూలుకు దూరమైతే అక్కడే ఇంకో టేబుల్ వెయ్యండి. పిలిస్తే వస్తారులే అని వదిలెయ్యొద్దు, ఎక్కువ అవసరం ఉన్నది వాళ్లకే.

అన్ని స్పెషాలిటీలూ అక్కర్లేదు. బీపీ, షుగర్, కళ్లు, నోరు, ఆడవాళ్లకు హిమోగ్లోబిన్. ఇవి శ్రద్ధగా చూస్తే చాలు. చుట్ట, గుట్కా అలవాటున్న ప్రతి ఒక్కరితో నోరు తెరిపించి, మానని పుండు గానీ తెల్లమచ్చ గానీ ఉందేమో చూడమను. శుక్లాలు ఉన్నవాళ్లను ఆపరేషన్‌కు ఆస్పత్రికే పంపాలి. స్కూల్లో చేస్తామంటే ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు.

మన ఊళ్లకే ప్రత్యేకమైనది ఇంకోటి ఉంది. మంచుకు తడిసిన పచ్చాకు కోసినవాళ్లకు వాంతులు, తలతిప్పుడు, తలనొప్పి వస్తాయి. ఎండదెబ్బో, పైత్యమో అనుకుంటారు. ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగడం వల్ల వచ్చేది అది. గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలని, తడిసిన బట్టలు వెంటనే మార్చుకోవాలని చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. పొగాకు ఊళ్లో ఈ మాట చెప్పకుండా క్యాంపు ముగించకూడదు.

ఆ ఆస్పత్రి పేరు బ్యానర్ మీద పెట్టండి, తప్పేం లేదు. జనం ఫోన్ నంబర్ల లిస్టు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఎవరికైనా ఆపరేషన్ కావాలంటే, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఎక్కడ చేస్తారో ముందు కనుక్కుని చెప్పండి. భయపెడితే అప్పు చేసైనా పోతారు మనవాళ్లు.

ఒంగోలు_ల్యాబ్:
మేడమ్ చెప్పినవన్నీ నిజం. నావైపు నుంచి కొన్ని. షుగర్ పరగడుపున చూడాలంటే కనీసం 8 గంటలు ఏమీ తినకుండా రావాలని ముందురోజు మైకులో చెప్పించండి. పొద్దున్నే ఆ టేబుల్ నడిపి, చూపించుకున్నవాళ్లకు వెంటనే టిఫిన్ పెట్టండి. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ వస్తే ల్యాబ్‌లో మళ్లీ చేయించాలి, ఒక్క చుక్క చూసి షుగర్ ఉందని ముద్ర వెయ్యకూడదు.

బీపీ చూసేముందు 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. టీ తాగిన అరగంట దాకా చూడొద్దు. అందుకే టీ టేబుల్ దూరంగా పెట్టండి. 140/90 దాటితే ఇంకో రోజు మళ్లీ చూపించుకోవాలని చీటీ మీద రాసివ్వండి. 180/120 దాటి తలనొప్పి, ఛాతీనొప్పి, మాట తడబాటు లాంటివి ఉంటే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

సూదుల సంగతి మర్చిపోవద్దు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు క్యాంపులకూ వర్తిస్తాయి. సూదులు, లాన్సెట్లు (వేలు గుచ్చే చిన్న సూదులు) గుచ్చుకోని గట్టి డబ్బాలో, రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేసి, ఎవరు తీసుకెళ్తారో పీహెచ్‌సీతో ముందే మాట్లాడుకోండి. స్కూలు అది, పిల్లలు తిరిగే చోటు.

కావలి_నుంచి:
మావైపు పట్టపుపాలెంలో (మత్స్యకారుల ఊరు) క్యాంపు పెట్టినప్పుడు సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు చూసుకున్నాం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మగవాళ్లందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. ఎండలని పొద్దున 10 లోపే ముగించాం. ఊరి పనిని బట్టే తేదీ, నేనూ అదే చెబుతాను.

టంగుటూరు_కుర్రోడు:
అమ్మా, అన్నలూ, చాలా థ్యాంక్స్. సంక్రాంతి ఆలోచన మానుకుంటున్నాం. పండక్కి వచ్చినప్పుడు మెడికల్ ఆఫీసర్ గారిని కలిసి మాట్లాడతాం. భోజనాలకు యాభై వేలు అనుకున్నాం, అవి తగ్గించమంటారా?

కొండపి_రిటైర్డ్_ఏఎన్ఎం:
టిఫిన్, మజ్జిగ చాలు. మిగిలిన డబ్బుతో క్లినిక్‌కు మంచి బీపీ మిషన్లు, లావు చేతులకు సరిపోయే పెద్ద పట్టీ, షుగర్ స్ట్రిప్‌లు కొనివ్వండి. ఏం కావాలో సీహెచ్‌ఓను అడిగే కొనండి. ఊళ్లో ఉండే డిగ్రీ పిల్లలు ఇద్దరిని మాట్లాడి, బీపీ, షుగర్ తేలినవాళ్ల ఇళ్లకు ఆశాతో కలిసి నెలనెలా పంపండి. మాత్రలు వేసుకుంటున్నారా లేదా చూసి, అయిపోయినవాళ్లను క్లినిక్‌కు తీసుకెళ్తే చాలు. పెట్రోలుకు, వాళ్ల చేతి ఖర్చుకు ఆ డబ్బులో ఏడాదికి సరిపడా పక్కన పెట్టు. పీహెచ్‌సీకి మధ్యాహ్నం పూట వెళ్లు, ఓపీ రద్దీ తగ్గి డాక్టర్ గారు తీరిగ్గా మాట్లాడతారు.