ఆట మన కంప్యూటర్‌లోకి తొంగి చూడవచ్చా?

చీకటిదీపం

కథలు బయటపడతాయి, ఇంకా ఆడనివారు గమనించండి.

1998లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ అనే వీడియో గేమ్‌లో సైకో మాంటిస్ అనే శత్రు పాత్ర మన మెమరీ కార్డు (ఆడిన ఆటల వివరాలు దాచుకునేది) చదివి, ఆ గేమ్ తీసిన కంపెనీ ఆటల్లో మనం ఏవి ఆడామో పేర్లతో సహా చెప్పేవాడు. కంట్రోలర్‌ను నేల మీద పెట్టమని చెప్పి, దాన్ని వైబ్రేషన్‌తో కదిలించి చూపేవాడు. వాణ్ని గెలవాలంటే కంట్రోలర్ తీగను ఆట యంత్రంలోని రెండో పోర్టులోకి మార్చాలి. 2017లో వచ్చిన డోకి డోకి లిటరేచర్ క్లబ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో మోనికా అనే పాత్ర మన కంప్యూటర్ ఖాతా పేరు చదివి, నీ అసలు పేరు ఇదేనా అని అడుగుతుంది. కథ ముందుకు సాగాలంటే ఫోల్డర్ తెరిచి ఆమె ఫైలును మన చేతులతోనే తొలగించాలి. తెర మీద శత్రువును కాల్చడానికి ఏనాడూ వెనుకాడని వేలు అక్కడ ఆగిపోతుంది. ఇంత లోతైన అనుభవాన్ని మరే కళా ఇవ్వలేదు.

ఇవన్నీ చేసే ముందు అనుమతి అడగాలని కొందరు అంటున్నారు. అడిగిన మరుక్షణం ఆ ఉలికిపాటు చచ్చిపోతుంది. కాదనేవారు కారణం చెప్పండి.

గోదావరి గట్టు

కాదనే అంటాను. 2021 నాటి ఇన్‌స్క్రిప్షన్ అనే కార్డుల ఆట ఆడారా? అందులో ఆర్కైవిస్ట్ అనే పాత్రతో పోరు వచ్చినప్పుడు మన డిస్కులోని ఫైలును మనల్నే ఎంచుకోమంటుంది. ఆ ఫైలు ఒక కార్డుగా మారుతుంది. కార్డు చస్తే ఫైలు పోతుందని బెదిరిస్తుంది. నిజానికి ఏదీ పోదు. కానీ ఆ సంగతి ఆడుతున్నవాడికి తెలియదు కదా! ఏ ఫైలు ఇవ్వాలి, పనికిరానిది ఇస్తే సరిపోతుందా, పెళ్లి ఫొటోలు ఇస్తే ఏమవుతుంది అని మనమే లెక్కలు వేసుకుంటాం. ఇక్కడ అనుమతి అడగడమే ఆట. అడిగితే భయం తగ్గలేదు సరికదా, పెరిగింది. చెప్పకుండా చూడటమే గొప్ప అనుకోవడం రచయిత బద్ధకం అంటాను.

కోడ్ రాసేవాణ్ని

మీరిద్దరూ అసలు ప్రమాదాన్ని వదిలేశారు. విండోస్‌లో ఖాతా పేరు తెలుసుకోవడానికి ఏ ప్రోగ్రాముకూ ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఒక్క వరుస కోడ్ చాలు. మోనికా ఆ పేరును తెర మీద చూపిస్తుంది, అంతే. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ సమాచారం యంత్రం దాటి బయటికి వెళ్తోందా?

2016లో పోకెమాన్ గో వచ్చినప్పుడు, ఐఫోన్‌లో గూగుల్ ఖాతాతో ప్రవేశించినవారి నుంచి ఆ యాప్ మొత్తం ఖాతా మీద అధికారం తీసుకుంది. గొడవ అయ్యాక, తాము ప్రాథమిక వివరాలే చూశామని చెప్పి, ఆ ఆట తీసిన నియాంటిక్ కంపెనీ సరిదిద్దింది. ఆ ఆటలో ఏ పాత్రా మనల్ని భయపెట్టలేదు. నేను చూస్తున్నానని ముఖం మీదే చెప్పే ఆట కంటే, చూస్తున్నట్టు తెలియనివ్వని ఆటను చూసి జడుసుకోవాలి.

ఇద్దరు పిల్లల తల్లి

కోడ్ రాసేవారికి ఒక మాట. మా ఇంట్లో ఒకటే కంప్యూటర్. అది మా మామగారు కొన్నది, ఖాతా ఆయన పేరు మీదే ఉంది. ఆయన పోయి ఏడాది దాటింది. ఒక రాత్రి మా పదమూడేళ్ల అబ్బాయి ఆడుతుంటే తెర మీది పాత్ర వాడిని తాతగారి పూర్తి పేరుతో పిలిచింది. వాడు ఏడుస్తూ వచ్చి నా పక్కన పడుకున్నాడు. ఆట పేరు చెప్పను. మీ లెక్క ప్రకారం ఏ సమాచారమూ ఇల్లు దాటలేదు. మరి దెబ్బ తగలలేదా?

మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ఆట తయారుచేసేవారు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చున్నదీ ఖాతాదారుడూ ఒక్కరే అని ఎలా అనుకుంటారు?

చీకటిదీపం

అమ్మా, ఆ అబ్బాయి పడిన బాధకు నా దగ్గర జవాబు లేదు. డోకి డోకి మొదట్లోనే ఇది పిల్లలకు తగదని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలోనే "ఈ ఆట మీ ఖాతా పేరు చదువుతుంది" అన్న వాక్యం కూడా ఉండాలంటే ఒప్పుకుంటాను. ఎప్పుడు, ఎక్కడ అన్నది మాత్రం చెప్పనక్కర్లేదు. హెచ్చరించాక రచయిత చేతులు కట్టేయకూడదు.

గోదావరి గట్టు

హెచ్చరిస్తే ఏదైనా చేయవచ్చా? 2009లో జాక్ గేజ్ అనే కళాకారుడు లూజ్/లూజ్ అనే మ్యాక్ ఆట తీశాడు. అందులో ఒక్కో గ్రహాంతరవాసిని కాల్చినప్పుడల్లా మన కంప్యూటర్‌లో ఏదో ఒక ఫైలు నిజంగానే పోతుంది. ఆ సంగతి ముందే స్పష్టంగా చెప్పాడు. అయినా యాంటీవైరస్ కంపెనీ సిమాంటెక్ దాన్ని ట్రోజన్ల (మామూలు ప్రోగ్రాముల్లా కనిపించి హాని చేసేవాటి) జాబితాలో చేర్చింది. సరైన పనే చేసింది. ఎవరో పిల్లవాడు ఆ హెచ్చరిక చదవకుండా నొక్కేస్తే పోయేది వాడి ఫైళ్లు ఒక్కటే కాదు, ఇంటిల్లిపాదివీ. చెప్పి చదవడం వరకు సరే. తిరిగి సరిదిద్దలేని పని మాత్రం చెప్పి చేసినా తప్పే.

చీకటిదీపం

అక్కడ మీతో విభేదిస్తాను. ఏమవుతుందో తెలిసి కాల్చడమా, మానడమా అన్నదే ఆ ఆట అడిగే ప్రశ్న. ఉత్తుత్తి ఫైళ్లతో ఆ ప్రశ్న నిలబడదు. నేను దాన్ని నా కంప్యూటర్‌లో పెట్టను, కానీ ఉండకూడదని అనను.