ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా వచ్చింది. ఇక అది స్వతంత్ర సంస్థేనా?

సత్యం, రణస్థలం

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కొవ్వాడకు దగ్గరలోని ఊరు. అణు విద్యుత్ కేంద్రం మాట మా వైపు ఏళ్ల తరబడి నలుగుతోంది. రియాక్టర్లు కట్టే కంపెనీ మొదట జీఈ హిటాచీ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లని చెబుతున్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు అణుశక్తి రంగానికి కొత్తగా తెచ్చిన ‘శాంతి’ చట్టాన్ని ఆమోదించాక, ప్రైవేటు కంపెనీలకూ దారి తెరుచుకున్నాక చర్చ మళ్లీ వేడెక్కింది.

ఈ మధ్య మా ఊళ్లో జరిగిన ఒక సమావేశంలో ఒక పెద్దమనిషి గట్టిగా చెప్పారు: ‘అణుశక్తి నియంత్రణ మండలికి (ఏఈఆర్‌బీకి) ఇప్పుడు చట్టబద్ధ హోదా వచ్చింది, ఇక మీకు ఏ అనుమానమూ అక్కర్లేదు’ అని. అందరూ తలూపారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోలేదు. నేను అణు విద్యుత్తుకు వ్యతిరేకిని కాను. మా పిల్లలకు కరెంటూ కావాలి, ఉద్యోగాలూ కావాలి. కానీ చట్టంలో పేరు ఎక్కినంత మాత్రాన ఒక సంస్థ తన పై వాళ్లకు ‘ఆపండి’ అని చెప్పగలుగుతుందా? మాలాంటి వాళ్లం ఏమి చూసి నమ్మాలి? తెలిసినవారు చెప్పగలరు.

పార్థసారథి, హైదరాబాద్

సత్యంగారూ, భారీ ఇంజనీరింగ్ రంగంలో పనిచేసి రిటైరైన వాణ్ని. ఏఈఆర్‌బీ ఇంజనీర్లు ఆషామాషీ మనుషులు కారు. ఒక్కో వెల్డింగ్ అతుకు గురించి నెలల తరబడి ప్రశ్నలు వేస్తారు. స్వతంత్రత పేరుతో అణుశక్తి విభాగంతో పూర్తిగా తెగతెంపులు చేస్తే నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు? మన దేశంలో రియాక్టరు తెలిసినవాళ్లంతా ఆ గూటి నుంచి వచ్చినవాళ్లే. ఏమీ తెలియని స్వతంత్రుడి కంటే అన్నీ తెలిసిన లోపలి మనిషే నయమని నా అభిప్రాయం.

వసుధ, విశాఖపట్నం

సత్యంగారూ, నేను క్యాన్సర్ చికిత్స విభాగంలో మెడికల్ ఫిజిసిస్టును, రేడియేషన్ భద్రతాధికారిని కూడా. రియాక్టరులో పనిచేయలేదు. కానీ ఏఈఆర్‌బీతో నాకు నిత్యం పని. కిరణాలతో చికిత్స చేసే మా లీనాక్ యంత్రానికి లైసెన్సు ఇచ్చేది వాళ్లు. గది గోడ ఎంత మందం ఉండాలో ఒప్పుకోవలసింది వాళ్లు. మా సిబ్బంది ఛాతీకి పెట్టుకునే, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలో మోతాదు మితిమీరితే సంజాయిషీ ఇవ్వవలసిందీ వాళ్లకే. అక్కడివాళ్ల సమర్థత విషయంలో పార్థసారథిగారి మాట నేనూ ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోలేను. ఎందుకో చెబుతాను.

నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక ఆసుపత్రికి ఒకసారి తనిఖీకి వచ్చారు. రోజూ పొద్దున మొదటి రోగిని లోపలికి తీసుకెళ్లే ముందు తలుపు పరీక్ష ఉంటుంది: యంత్రం నడుస్తుండగా తలుపు తీస్తే కిరణం ఠక్కున ఆగిపోవాలి. రిజిస్టరులో సంతకాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఆ అధికారి రిజిస్టరు పక్కన పెట్టి, ‘మీరు ఆన్ చేయండి, తలుపు నేను తీస్తాను’ అన్నారు. తలుపు సరిగ్గానే పనిచేసింది. తర్వాత లోపలికి వెళ్లి అత్యవసర బటన్లు ఒక్కొక్కటే నొక్కించారు. రోగి పడుకునే బల్ల వెనుక ఉన్న బటన్ పనిచేయలేదు. అక్కడికక్కడే చికిత్స ఆపమని కాగితం రాసిచ్చారు. బయట రోగులు కూర్చుని ఉన్నారు. యాజమాన్యం ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆయన కుర్చీలోంచి కదలలేదు. బటన్ బాగుచేసి, మళ్లీ నొక్కి చూపించాకే అనుమతి వచ్చింది.

ఆ రోజు ఆయన అంత నిబ్బరంగా ఉండగలిగారంటే వ్యక్తిగత ధైర్యం ఒక్కటే కారణం కాదు. మా యాజమాన్యం ఫోను చేయదగిన పై అధికారి ఎవరూ ఆయనకు లేరు. ఆయన జీతం, బదిలీ, పదోన్నతి, రిటైరయ్యాక దొరికే పదవి, వీటిలో ఏదీ మా ఆసుపత్రి చేతిలో లేదు.

అదే అధికారి రియాక్టరు గేటు దగ్గర నిలబడ్డారనుకోండి. ఏఈఆర్‌బీ 1983 నవంబరు 15న ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. కొత్త చట్టం దాకా అది జవాబు చెప్పుకున్నది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి విభాగం కార్యదర్శి. రియాక్టర్లు నడిపే ప్రభుత్వ కంపెనీ ఎన్‌పీసీఐఎల్ ఉన్నదీ ఆ విభాగం కిందే. అంటే పరీక్ష రాసేవాడికీ దిద్దేవాడికీ ఇంటి పెద్ద ఒక్కరే.

దీని ఫలితం కాగితం మీదే ఆగిపోలేదు. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుని మంటలు లేచాయి. అసలు కేబుళ్లూ వాటికి తోడుగా ఉండవలసిన కేబుళ్లూ మంటను అడ్డుకునే తెర లేకుండా ఒకే దారిలో పోవడంతో అన్నీ కలిసి కాలిపోయాయి. ఆ అణు కేంద్రం దాదాపు 17 గంటలు కరెంటు లేకుండా ఉంది. సిబ్బంది టార్చిలైట్లు పట్టుకుని పైకెక్కి, చేత్తో వాల్వులు తిప్పి రియాక్టరులోకి అణు చర్యను ఆపే బోరాన్ ద్రావణం వదిలారు. వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆ కేబుళ్లు అలా వేస్తున్నప్పుడు ‘వేరు చేసేదాకా రియాక్టరు మొదలుపెట్టవద్దు’ అని రాసిచ్చినవారు లేరు.

మరుసటి ఏడాది కర్ణాటకలోని కైగాలో నిర్మాణంలో ఉన్న రియాక్టరు గోపురం లోపలి కాంక్రీటు పొర ఊడిపడింది. అప్పుడు ఏఈఆర్‌బీ అధ్యక్షుడు ఎ. గోపాలకృష్ణన్. 1995లో ఆయన హయాంలో తయారైన నివేదిక దేశంలోని అణు కేంద్రాల్లో 130కి పైగా భద్రతా సమస్యలను పేర్కొంది. అది జనం ముందుకు రాలేదు. 1996లో పదవీకాలం ముగిశాక ఆయన బహిరంగంగా మాట్లాడటం మొదలుపెట్టారు. కుర్చీలో ఉన్నప్పుడు కంటే కుర్చీ దిగాకే ఎక్కువ చెప్పగలిగారంటే ఆ కుర్చీకి ఉన్న బలం ఎంతో మీరే ఆలోచించండి. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రాన్ని ఏఈఆర్‌బీ పరిధి నుంచి తప్పించారు. అదీ ఒక ఉత్తర్వుతోనే అయిపోయింది.

స్వతంత్రత వేరు, చేవ వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే దారి తప్పుతాం. మా ఆసుపత్రుల విషయంలో ఏఈఆర్‌బీకి స్వతంత్రత పుష్కలం, లేనిది మనుషులు. 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక లెక్క తేల్చింది: దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో నమోదైనవి 5,270 మాత్రమే. మిగతా 91 శాతం అప్పట్లో ఎవరి కంటా పడకుండా నడిచేవి. తప్పు చేస్తే కొన్ని సందర్భాల్లో అప్పటి గరిష్ఠ జరిమానా 500 రూపాయలు! 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత పరికరంలోని రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60 మాయాపురి తుక్కు దుకాణాలకు చేరి ఒక కార్మికుణ్ని బలి తీసుకుంది. ఆ పరికరం ఎక్కడుందో, వాడుతున్నారో లేదో ఏళ్ల తరబడి అడిగినవారు లేరు. నమోదులు ఆన్‌లైన్‌కు మారాక పరిస్థితి మెరుగుపడింది, అది నేను కళ్లారా చూస్తున్నాను. రియాక్టర్ల దగ్గరేమో మనుషులు ఉన్నారు, చదువు ఉంది, లేనిది తనిఖీ చేసేవారికీ నడిపేవారికీ మధ్య ఎడం.

పార్థసారథిగారూ, నిపుణులు ఎక్కడి నుంచి వస్తారన్న మీ ప్రశ్న న్యాయమైనదే. అసలు చూడవలసింది వాళ్లు తిరిగి ఎక్కడికి వెళతారన్నది. జపాన్‌లో 2011 దాకా నియంత్రణ సంస్థ నీసా, అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖలోనే ఉండేది. ఫుకుషిమాకు 15.7 మీటర్ల సునామీ రావచ్చని ఆ కేంద్రాన్ని నడిపే టెప్కో కంపెనీ 2008లోనే లెక్క కట్టుకుంది. ఆ లెక్క నీసాకు అందింది 2011 మార్చి 7న, అంటే ప్రమాదానికి నాలుగు రోజుల ముందు. వాళ్ల పార్లమెంటు వేసిన విచారణ సంఘం దాన్ని మనుషుల వల్ల జరిగిన విపత్తేనని తేల్చింది. 2012 సెప్టెంబరులో కొత్త సంస్థ పెట్టారు. అయిదుగురు సభ్యుల నియామకానికి పార్లమెంటు సమ్మతి కావాలి. సిబ్బంది మళ్లీ ప్రోత్సాహక శాఖలకు తిరిగి వెళ్లకూడదని నియమం పెట్టారు. సమావేశాలను నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. నిపుణులు పాత సంస్థల నుంచి వచ్చినవారే, వెనక్కి వెళ్లే తలుపు మాత్రం మూసేశారు. 2024 నవంబరులో ఆ సంస్థ త్సురుగా రెండో రియాక్టరును మళ్లీ నడపడానికి వీల్లేదంది. దాని కింద కదిలే భూభ్రంశం (నేలలోని పగులు) లేదని కంపెనీ నిరూపించలేకపోయింది.

కిరణ్, ఒహాయో

వసుధగారు చెప్పినదానికి మా ప్రాంతం కథ ఒకటి చేర్చాలి. చట్టం సరిపోతుందా అన్న ప్రశ్నకు ఇక్కడ సూటైన జవాబుంది. అమెరికా అణు నియంత్రణ కమిషన్ 1975 నుంచి ప్రోత్సాహక శాఖతో సంబంధం లేని విడి సంస్థ. ప్రతి అణు కేంద్రంలో దాని తనిఖీ అధికారులు అక్కడే మకాం ఉంటారు. కంపెనీతో చనువు పెరగకుండా కొన్నేళ్లకు మార్చేస్తారు. ఇంతకంటే ఏమి కావాలి అనిపిస్తుంది.

అయినా ఈరీ సరస్సు ఒడ్డున డేవిస్-బెస్సీ కేంద్రంలో ఏమైందో చూడండి. రియాక్టరు మూతకు ఉన్న గొట్టాల్లో పగుళ్లు ఉండవచ్చని, 2001 డిసెంబరు 31 లోపు ఆపి పరీక్షించాలని కమిషన్ సిబ్బంది ఉత్తర్వు సిద్ధం చేశారు. కంపెనీ గడువు అడిగింది, కమిషన్ 2002 ఫిబ్రవరి దాకా ఇచ్చింది. ఆపి చూస్తే కారిన బోరిక్ ఆమ్లం దాదాపు ఆరంగుళాల ఉక్కును తినేసి ఉంది. లోపలి పీడనాన్ని ఆపుతున్నది పలుచని స్టెయిన్‌లెస్ స్టీలు పూత మాత్రమే. గడువు ఇవ్వడంలో కంపెనీకి వచ్చే నష్టం కూడా లెక్కలోకి వచ్చిందని కమిషన్ సొంత అంతర్గత విచారణాధికారి (ఇన్‌స్పెక్టర్ జనరల్) తేల్చారు. ఆ నివేదిక బయటికి రావడం వల్లే ఈ రోజు నేను మీకు చెప్పగలుగుతున్నాను. ఇక 2025 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఒక కమిషనర్‌ను ఏకంగా తొలగించారు. యాభై ఏళ్ల సంస్థకే ఈ గతి పట్టవచ్చు.

సత్యం, రణస్థలం

వసుధగారూ, కిరణ్‌గారూ, చాలా కృతజ్ఞతలు. ఆ బటన్ సంగతి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మరి మన కొత్త చట్టం సంగతి? మా ఊరివాళ్లం ఇప్పుడు చేయగలిగిన పని ఏదైనా ఉందా?

వసుధ, విశాఖపట్నం

సత్యంగారూ, చట్టబద్ధ హోదా రావడం నిజంగా మంచి మెట్టు. 2011లో లోక్‌సభలో పెట్టిన అణు భద్రత నియంత్రణ సంస్థ బిల్లు 2014లో సభ రద్దవడంతో మురిగిపోయింది. 2015లో మన దేశానికి వచ్చిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) బృందం కూడా ఏఈఆర్‌బీ స్వతంత్రతను చట్టంలో పెట్టమనే చెప్పి వెళ్లింది. కాబట్టి వచ్చినదాన్ని తక్కువ చేయను. అయితే సభ్యులను ఎంచే సంఘాన్ని వేసేది అణుశక్తి కమిషనే అయినంత కాలం పాత ముడి పూర్తిగా విడలేదనే నా అభిప్రాయం. ప్రైవేటు కంపెనీలు దిగాక ఒత్తిడి రెండు వైపుల నుంచీ వస్తుంది.

మీరు చేయగల పని ఉంది. పర్యావరణ అనుమతి కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. వేదిక మీద కలెక్టరు తరఫు వారు, ప్రాజెక్టు వారు ఉంటారు. రేడియేషన్ భద్రతను తేల్చే ఏఈఆర్‌బీ మాత్రం స్థల ఎంపిక, నిర్మాణం, ప్రారంభం, నిర్వహణ అంటూ దశల వారీ అనుమతులు ముంబైలో ఇస్తుంది. మీరు మాట్లాడే చోట వాళ్లు ఉండరు, వాళ్లు నిర్ణయించే చోట మీరు ఉండరు. కాబట్టి రెండు అడగండి. కొవ్వాడ స్థలంపై ఏఈఆర్‌బీ వేసిన ప్రశ్నలు, ప్రాజెక్టు ఇచ్చిన జవాబులు తెలుగులో బయటపెట్టాలి. ప్రాజెక్టు వాళ్లు లేకుండా ఏఈఆర్‌బీ అధికారులే మీ ఊరికి వచ్చి మీ ప్రశ్నలకు జవాబు చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఒక్కరి పేరుతో కాకుండా గ్రామసభ తీర్మానంగా పంపితే మేలు. అర్జీ నమూనా నేను రాసి ఈ వారంలో ఇక్కడే పెడతాను. పార్థసారథిగారూ, సాంకేతిక ప్రశ్నలు పదునుగా ఉండాలంటే మీ చేయి కావాలి. సముద్రపు నీటి పంపులు, డీజిల్ జనరేటర్లు నేలమట్టం నుంచి ఎంత ఎత్తులో పెడతారన్న దానితో మొదలుపెడదామా?