కిరీనీకి పోయినవాళ్లు పోయారా, పంపించేశారా?

రేవుగట్టు:
గ్రీకులు సముద్రం దాటింది తిండిలేకే అనేవాళ్లు ఈ లెక్క చెప్పండి. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసినట్టే థీరా దీవిలో (నేటి శాంటోరిని) 7 ఏళ్లు వాన లేదు, ఒక్క చెట్టు తప్ప అన్నీ ఎండిపోయాయి. మరి కిరీనీ ఊరు కట్టినవాళ్లను లిబియాకు పంపింది రెండే ఓడల్లో, ఒక్కోటి 50 తెడ్లది. మొత్తం వందమంది, ఇంకొందరు. అంతమంది పోతే దీవి కరువు తీరుతుందా?

శాసనప్రియ:
తీరదు. తీరుతుందని ఎవరన్నారు? థీరాలోని ఏడు ప్రాంతాల్లోనూ ఇద్దరు అన్నదమ్ములుంటే చీటీ వేసి ఒకణ్ణి పంపారు. తండ్రి పొలం కొడుకులందరికీ సమానంగా పంచాలి కదా, మనవల నాటికి పావు చెక్క మిగులుతుంది. ఒకడు ఓడెక్కితే రెండోవాడికి పొలం ముక్కలవ్వదు.

రేవుగట్టు:
రెండు ఓడల మాట దాటేశారు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో గ్రీసులోని యుబోయా దీవివాళ్లు ఇటలీ పక్కన పిథెకూసాయ్ దీవిలో దిగారు. అక్కడ కొలిమి పనుల ఆనవాళ్లూ, ఎల్బా దీవి ఇనుప ఖనిజమూ దొరికాయి. దున్నుకోడానికి పోయినవాడికి అవెందుకు?

నాగలి:
కర్రుకి 😄

శాసనప్రియ:
సిసిలీలో గ్రీకులు కట్టిన మెగారా హిబ్లయా ఊరు చూడండి. మొదటి తరంలోనే వీధులు వేసి, ఇళ్లకు స్థలాలు కొలిచి, నడుమ అందరి కోసం ఖాళీ వదిలారు. సరుకు దించుకుని పోయేవాళ్ల పద్ధతా ఇది?

రేవుగట్టు:
ఇంతకుముందు చర్చలోనూ ఇంతే, నేను థీరా అంటే మీరు సిసిలీ!

శాసనప్రియ:
సరే, థీరాకే వద్దాం. కిరీనీలో దొరికిన శాసనంలో వెళ్లనన్నవాడికి మరణశిక్ష, ఆస్తి జప్తు. దాచినవాడికీ అదే శిక్ష. ప్రమాణం తప్పితే ఇలా కరిగిపోతామంటూ మైనపు బొమ్మలు కాల్చారు. ఇది సరదా ప్రయాణమా?

రేవుగట్టు:
ఊరు క్రీ.పూ. 631 ప్రాంతంలో కట్టారు. ఆ రాయి క్రీ.పూ. 4వ శతాబ్దంది, అదీ థీరావాళ్లకు కిరీనీ పౌరసత్వం ఇస్తూ చెక్కింది. వాళ్లకి పాత ప్రమాణం ఒకటి చూపించాల్సిన అవసరం ఉంది. దాన్ని ముహూర్తం నాటి కాగితంలా చదువుతారేంటండీ?

శాసనప్రియ:
చీటీ మాట ఆ రాయిది కాదు, హెరొడోటస్‌దే. తిరిగొచ్చిన ఓడలపై ఆయుధాలు విసిరి ఒడ్డుకి రానివ్వలేదనీ ఆయనే రాశాడు. మీకు గిట్టనిది కరువు కాదండీ, బలవంతం. అందరూ ధైర్యంగా సొంత ఇష్టంతో పోయినట్టే ఉండాలి మీకు.

రేవుగట్టు:
అవును, గిట్టదు. చీటీ పడ్డవాడు మొక్కుబడిగా ఉంటాడు. వీళ్లు లిబియా తీరం పక్క ప్లాటియా దీవిలో 2 ఏళ్లు, ఎదురుగా నేలమీద అజిరిస్‌లో 6 ఏళ్లు ఓర్చుకుని, ఆ తర్వాతే కిరీనీ చేరారు.

నాగలి:
తిరిగిపోతే కొట్టేవాళ్లున్నారు, ఓర్చుకోక ఏం చేస్తారు?

తెడ్డుమనిషి:
ఇద్దరూ మొదటి ఓడల దగ్గరే ఆగిపోయారు. కిరీనీకి జనం వెల్లువలా వచ్చింది అక్కడి రాజు రెండో బట్టోస్ కాలంలో. భూములు పంచేశాక వచ్చేవాడు పశ్చాత్తాపపడతాడని డెల్ఫీ గుడిలో దేవవాణి పలికింది, గ్రీకులు ఎగబడ్డారు. వాళ్లకు పంచింది లిబియన్ల నేల. నేల పోగొట్టుకున్నవాళ్లు ఈజిప్టు రాజు అప్రీస్‌ని ఆశ్రయించారు, క్రీ.పూ. 570 ప్రాంతంలో లిబియాలోని ఇరాసా దగ్గర ఆయన సైన్యం కిరీనీవాళ్ల చేతిలో చిత్తుగా ఓడింది. వీళ్లెవరికీ చీటీ వేయలేదు, కరువూ లేదు.